అగత్తి దీవిలో బస: ఏ లోపం దీవిది, ఏ లోపం ఇంటివారిది?

లక్షద్వీప్‌లోని అగత్తి దీవిలో ఒక కుటుంబం తమ ఇంటి పెరట్లో గదులు కట్టి నడుపుతున్న హోమ్‌స్టేలో ఈ జనవరిలో మా కుటుంబం బస చేసింది. అది మనుషులు కాపురం ఉంటున్న ఇల్లు, పైగా కొన్ని లోపాలు కూడా చెప్పవలసి ఉంది కనుక పేరు రాయడం లేదు. 2024 జనవరిలో ప్రధానమంత్రి లక్షద్వీప్ పర్యటన చిత్రాలు వచ్చినప్పటి నుంచి అక్కడికి వెళ్లాలనుకునే తెలుగు కుటుంబాలు మా పరిచయస్తుల్లోనే పెరిగాయి. వారు అడిగే ప్రశ్నలన్నీ గదులు, తిండి, నీళ్ల చుట్టూనే తిరుగుతున్నాయి కాబట్టి వాటి గురించే వివరంగా రాస్తున్నాను. గోవాలోనో పుదుచ్చేరిలోనో దిగిన హోటల్‌ను మనసులో పెట్టుకుని అగత్తిలో గదికి మార్కులు వేస్తే ఆ ఇంటివారికి అన్యాయం జరుగుతుంది. అలాగని ప్రతి లోపాన్నీ దీవి మీదకు నెట్టేస్తే డబ్బు కట్టిన అతిథికి అన్యాయం జరుగుతుంది.

అగత్తి పొడవు ఏడు కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. వెడల్పు మాత్రం బాగా తక్కువ, దక్షిణపు కొనకు వచ్చేసరికి నేల ఎంత సన్నబడుతుందంటే విమానం దిగుతున్నప్పుడు రెండు వైపుల కిటికీల్లోంచీ నీళ్లే కనిపిస్తాయి. రన్‌వే సుమారు 1.2 కిలోమీటర్లే కావడం వల్ల అక్కడికి చిన్న విమానాలు మాత్రమే వస్తాయి, సామాను బరువు విషయంలో కూడా గట్టిగా ఉంటారు. కొచ్చి నుంచి గంటన్నర ప్రయాణం. ఓడలో అయితే ఒక రాత్రి పైనే పడుతుంది, సముద్రం పోటు మీద ఉన్న రోజుల్లో ఓడ దూరంగా ఆగితే ఊగుతున్న చిన్న పడవలోకి దిగవలసి రావచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని తీసుకువెళ్లేవారు ఈ సంగతి ముందుగా ఆలోచించుకోవాలి.

లక్షద్వీప్‌కు వెళ్లడానికి భారతీయులకు కూడా ప్రవేశ అనుమతి కావాలి. ఆ పని ఇంటివారే చేసిపెడతామన్నారు, చేసిపెట్టారు కూడా. అయితే కావలసిన కాగితాలన్నీ ఒకేసారి చెప్పకుండా ఒకరోజు ఫొటోలు, మరోరోజు గుర్తింపు కార్డులు, ఇంకోరోజు పోలీసు ధ్రువీకరణ పత్రం అంటూ వాట్సాప్‌లో విడతలవారీగా అడగడం వల్ల ప్రయాణం వారంలోకి వచ్చేదాకా ఆందోళన తప్పలేదు. ఇందులో దీవి చేసిన తప్పేమీ లేదు. అతిథులకు పంపడానికి ఒక జాబితా రాసిపెట్టుకుంటే సరిపోయేది.

ఇక నీళ్ల సంగతి. ఈ బసలో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆశ్చర్యం కలిగించినదీ, అన్నిటికన్నా ఎక్కువ అభ్యంతరం కలిగించినదీ ఇదే. అగత్తిలో నది లేదు, వాగు లేదు. కురిసిన వాన పగడపు ఇసుకలోంచి ఇంకి, అడుగున ఉన్న సముద్రపు నీటి మీద పలచని పొరగా తేలుతూ నిలుస్తుంది. మంచినీరు ఉప్పునీటి కన్నా తేలిక కావడం వల్లనే ఆ పొర నిలిచి ఉంటుంది, దీవి జనం బావులు తవ్వుకునేది దానికోసమే. పెరట్లో ఉన్న బావిలోకి వంగి చూస్తే నీళ్లు చేతికి అందేటంత దగ్గరగా ఉన్నాయి, నీటి మట్టానికి పైన లోపలి గోడ మీద జానెడు మేర తడి చార కనిపించింది. సాయంత్రం మళ్లీ చూసినప్పుడు ఆ చార నీళ్లలో మునిగిపోయి ఉంది. సముద్రపు ఆటుపోట్లతో పాటు బావిలో నీరు కూడా ఎక్కి దిగుతూ ఉంటుందన్నమాట. మోటారు పెట్టి ఎడాపెడా తోడితే పైనున్న మంచినీటి పొర పలచబడి అడుగు ఉప్పునీరు పైకి తన్నుకొస్తుంది, ఒకసారి ఉప్పబడిన బావి మళ్లీ మామూలు కావడానికి మంచి వానలు పడాలి.

ఈ లెక్క తెలిసిన తరువాత స్నానాల గదిలో షవర్ ఎందుకు లేదో అర్థమైంది. ఇంటివారు కావాలనే షవర్ పెట్టలేదు. ఒక కుళాయి, ఒక బకెట్, ఒక చెంబు, అంతే. ఆ నీళ్లలో కొద్దిగా ఉప్పదనం ఉంటుంది, సబ్బు సరిగా నురగ రాదు, తల స్నానం చేస్తే జుట్టు బిరుసెక్కుతుంది. ఇవేవీ ఇంటివారి లోపాలుగా నేను లెక్కించను. పైగా రెండో కుళాయి ఒకటి పెట్టి, పైకప్పు మీద పడిన వాననీటిని తొట్టెలో పట్టి, ముఖం కడుక్కోవడానికీ చివరి చెంబుకూ ఆ నీటిని ఇవ్వడం మెచ్చుకోదగిన ఏర్పాటు. పసిపిల్లలతో వెళ్లేవారికి ఆ రెండో కుళాయి ఎంత ఉపకారమో చెప్పనక్కరలేదు.

తాగడానికి మాత్రం డబ్బాల్లో వేరే నీళ్లు తెచ్చి ఇస్తారు. అవి సముద్రపు నీటి నుంచి తయారైనవి. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2005లో కవరత్తిలో, 2011లో మినికాయ్, అగత్తి దీవుల్లో రోజుకు లక్ష లీటర్ల మంచినీరు తీసే కేంద్రాలు నెలకొల్పింది. ఈ దీవుల చుట్టూ సముద్రం గట్టుకు కాస్త దూరంలోనే చటుక్కున లోతెక్కుతుంది కాబట్టి, మూడు నాలుగు వందల మీటర్ల లోతు నుంచి చల్లని నీటిని గొట్టంతో పైకి తేవడం వీలవుతుంది. ఉపరితలంలోని వెచ్చని నీటిని గాలి తీసేసిన గదిలోకి వదిలితే కొంత భాగం ఆవిరవుతుంది, ఆ ఆవిరిని లోతు నుంచి తెచ్చిన చల్లని నీటితో చల్లబరిస్తే మంచినీరు చేతికొస్తుంది. ఆ నీటికి రుచి అంటూ ఏమీ లేదు, మొదటి గుక్కలో చప్పగా అనిపించింది, రెండో రోజుకు అలవాటైంది. ఒక్క సీసా కూడా కొనకుండా మా బస గడిచింది. ఖాళీ సీసాలు పారేయడానికి దీవిలో చోటు లేదు కనుక తెచ్చిన ప్లాస్టిక్‌ను తిరిగి పట్టుకెళ్లమని ఇంటివారు మొదటి రోజే చెప్పారు, ఆ మాట న్యాయంగానే ఉంది.

నా అభ్యంతరం బావి గురించే. కొత్తగా కట్టిన మూడో గది తాలూకు మరుగుదొడ్డి గుంట బావికి బాగా దగ్గరగా వచ్చేసింది. స్నానాల గదిలోని మొదటి కుళాయి నీళ్లు ఆ బావిలోవే. ఇసుక నేలలో మురుగు ఎంత సులువుగా బావిలోకి దిగుతుందో ఇంటివారికి తెలియనిది కాదు, ఇలాంటి దీవుల్లో బావులు పాడవడానికి ఇదొక ముఖ్య కారణం. అడిగితే ఇంటి పెద్దావిడ దాచకుండా, స్థలం చాలక అలా కట్టామని ఒప్పుకున్నారు. దీవి చిన్నది కావడం నిజమే కానీ, ఉన్న కొద్ది స్థలంలో అదనపు గది కట్టాలనుకోవడం వారి నిర్ణయం. తాగునీరు వేరుగా ఇస్తున్నారు కాబట్టి ప్రమాదం తక్కువే అయినా, పళ్లు తోముకుని పుక్కిలించేది చాలామంది ఆ మొదటి కుళాయి నీళ్లతోనే.

భోజనానికి వస్తే, మాంసాహారులకు ఈ ఇంట్లో ఏ లోటూ ఉండదు. మన తీరంలో సూర అని పిలిచే టూనా ఏదో ఒక రూపంలో ప్రతి పూటా ఉంటుంది. దాన్ని పట్టే విధానం గురించి ఇంటి పెద్దాయన ఒడ్డున పడవ దగ్గరకు తీసుకెళ్లి ఓపికగా చెప్పారు. తెల్లవారుజామున చిన్న ఎర చేపలను దీవికీ పగడపు గట్టుకూ మధ్యనున్న నిలకడ నీళ్లలో వలతో పట్టి, పడవ అడుగున సముద్రపు నీరు పారుతూ ఉండే అరలో బతికి ఉండగానే ఉంచుకుంటారు. బయట సముద్రంలో టూనాల గుంపు కనబడగానే ఆ చేపలను కొద్దికొద్దిగా విసురుతూ, నీళ్లు చిమ్ముతూ, అక్కడ చేపల మంద ఎగురుతున్నదనే భ్రమ కల్పిస్తారు. పడవ వెనుక భాగాన వరసగా నిలబడ్డవారు గేలపు కర్రలతో ఒక్కొక్క చేపనూ లాగి వీపు మీదుగా విసురుతారు. కొక్కేనికి వెనక్కి తిరిగిన ములుకు ఉండదు కాబట్టి చేప తనంతట తానే ఊడి పడవలో పడుతుంది, మరుక్షణం కొక్కెం మళ్లీ నీళ్లలో ఉంటుంది. పెద్ద వలలు వేయరు కనుక తాబేళ్లూ డాల్ఫిన్లూ వాటిలో చిక్కి చచ్చే గొడవ లేదు.

అమ్ముడుపోని టూనాను ఉడికించి, పొగబెట్టి, కట్టెలా గట్టిపడేదాకా ఎండబెట్టి మాస్ అనే పేరుతో నిల్వ చేస్తారు. దాన్ని దంచి కొబ్బరి, ఉల్లి, వెల్లుల్లి, పసుపు వేసి చేసిన పొడికూరతో వేడన్నం తింటే మరో కూర అవసరం లేదు. ఆ ఇంటి వంటల్లో నేను మొదటి స్థానం ఇచ్చేది దానికే. ఆక్టోపస్ వేపుడు కూడా పెట్టారు. పిల్లలు ఉత్సాహంగా తిన్నారు గానీ నాకు కాస్త రబ్బరులా సాగుతున్నట్టు అనిపించింది.

శాకాహారుల పరిస్థితి వేరు. కొబ్బరి, అరటి, బొప్పాయి, మునగ, సీమపనస దీవిలోనే పండుతాయి. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, టమాటాలు, పప్పులు, బియ్యం అన్నీ ఓడలో రావలసిందే, ఓడ ఆలస్యమైతే అంగట్లో గంపలు ఖాళీ. టీ కూడా పాలపొడితోనే. ఇదంతా సహజమే. కానీ మా అత్తగారు చేపలు తినరని బుకింగ్ సమయంలోనే చెప్పినా, మొదటి రోజు మధ్యాహ్నం ఆవిడకు వడ్డించినది అన్నం, అప్పడం, పలచని పప్పు మాత్రమే. చేప వేయించిన మూకుడులోనే అప్పడం వేయించారేమోనని ఆవిడ దాన్ని కూడా పక్కన పెట్టేశారు. వంటింటికి వెళ్లి మాట్లాడిన తరువాత పరిస్థితి పూర్తిగా మారిపోయింది. రాత్రికి వేరే మూకుడు వచ్చింది, కొబ్బరిపాలతో సీమపనస కూర, మునగాకు వేపుడు చేశారు. ఆ కూర ఎలా చేశారో మా అత్తగారు వివరంగా అడిగి రాసుకున్నారంటే అది ఎంత బాగుందో ఊహించుకోవచ్చు. చేయగలిగినవారు మొదటి పూటే ఎందుకు చేయలేదన్నది నా ప్రశ్న.

దానికి జవాబు ఆ ఇంటి వ్యవస్థలో ఉంది. ఫోన్‌లో బుకింగులు చూసేది తమ్ముడు, ఇల్లు మాత్రం అక్కగారిది. లక్షద్వీప్‌లో జనాభాలో అత్యధికులు ముస్లింలు, అయినా కేరళ నుంచి వచ్చిన మాతృవంశ సంప్రదాయం ఇప్పటికీ చాలా కుటుంబాల్లో నిలిచి ఉంది. తరవాటు, అంటే తల్లి వైపు ఉమ్మడి కుటుంబం, ఆస్తి తల్లి వైపు నుంచి ఆడపిల్లలకు సంక్రమిస్తుంది, పెళ్లైన తరువాత స్త్రీ పుట్టింట్లోనే ఉంటుంది, భర్త అక్కడికి వస్తాడు. ఇల్లరికం అంటే మొహం చిట్లించే మనకు ఇది వింతగా తోస్తుంది గానీ అక్కడ అదే మామూలు. ఇంటి వ్యవహారాల్లో చివరి మాట అక్కగారిదే. గది అద్దె ఎంతో, వంట ఏమిటో, గదిలో అదనపు పరుపు వేస్తారో లేదో తేల్చేది ఆవిడే. తమ్ముడు ఫోన్‌లో అన్నిటికీ సరే అంటాడు, ఆ సరేలు వంటింటి దాకా వెళ్లవు. కాబట్టి బుకింగ్ ఖాయం చేసుకునే ముందు ఒక్కసారి అక్కగారితో మాట్లాడించమని అడగడం మంచిది. ఆవిడకు మలయాళంతో పాటు కొంత హిందీ వచ్చు.

గదులు శుభ్రంగా ఉన్నాయి, మంచాలు గట్టివి, దోమతెరలు చిరుగుల్లేనివి. ఏసీ రాత్రి పది నుంచి తెల్లవారుజాము దాకా మాత్రమే వేస్తారు. అగత్తిలో కరెంటుకు ప్రధానంగా డీజిల్ జనరేటర్లే ఆధారం, ఆ డీజిల్ ఓడల్లో రావాలి కాబట్టి పొదుపు సమంజసమే. అయితే ఆ నియమాన్ని డబ్బు కట్టించుకున్న తరువాత, గది తాళం ఇస్తూ చెప్పడం సమంజసం కాదు. ఫోన్ విషయంలో మాత్రం మేము భయపడినదానికి పూర్తి విరుద్ధంగా జరిగింది. ఉపగ్రహం మీద ఆధారపడిన రోజుల్లో అక్కడ ఇంటర్నెట్ నత్తనడకన నడిచేదట. కొచ్చి నుంచి సముద్రం అడుగున వేసిన 1,868 కిలోమీటర్ల కేబుల్ 2024 జనవరిలో ప్రారంభమైన తరువాత పరిస్థితి మారింది, మేము ఇంటికి చేసిన వీడియో కాల్ ఎక్కడా తెగలేదు. చిన్న దుకాణాల్లో కూడా ఫోన్‌తో డబ్బు చెల్లించగలిగాం, అయినా కొంత నగదు దగ్గర ఉంచుకోవడమే మేలు.

మరికొన్ని సంగతులు క్లుప్తంగా చెబుతాను. దీవి మనకు బాగా పడమరన ఉంది, గడియారం మాత్రం ఒకటే. అందువల్ల జనవరిలో అక్కడ పొద్దు పొడిచేసరికి ఏడవుతుంది, ఫలహారం ఎనిమిదిన్నరకు గానీ రాదు. విశాఖ వేళలకు అలవాటుపడ్డ ఆకళ్లకు బిస్కట్ ప్యాకెట్లు తోడు ఉండాలి. లక్షద్వీప్‌లో కుక్కలు లేవు, రాత్రిపూట పిల్లలతో వీధిలో నడిచేటప్పుడు ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఎలుకలు మాత్రం దండిగా ఉన్నాయి, కొబ్బరిచెట్ల కింద రాలిన లేత కాయల్లో చాలావాటికి తొడిమ పక్కన అవి కొరికిన గుండ్రని రంధ్రం ఉంది. కోనసీమలో పెరిగినవారికి కూడా కాయలు నెత్తిన పడే భయం ఇక్కడ కొత్తగా పట్టుకుంటుంది, ఎందుకంటే నడిచే దారీ కూర్చునే చోటూ అన్నీ చెట్ల కిందే. ఇంటివారు ఊయల కట్టిన రెండు చెట్లకూ కాయలన్నీ ముందే దింపించి ఉంచారు. అడగకుండానే తీసుకున్న ఆ జాగ్రత్తకు ప్రత్యేకంగా మార్కులు వేస్తున్నాను. మద్యం ఒక్క ‘బంగారం’ అనే దీవిలో తప్ప లక్షద్వీప్‌లో నిషేధం, ఈత దుస్తులతో ఊళ్లో తిరగడం కూడా మర్యాద కాదు.

పడవ విహారానికి విడిగా డబ్బు తీసుకుంటారు, ఏర్పాటు చేసేది ఇంటివారే. నీళ్లు నిజంగానే అద్దంలా ఉంటాయి, పచ్చ తాబేళ్లు పడవ పక్కనే తల ఎత్తి చూసి మునిగాయి. కానీ ఇంటివారు పంపిన కుర్రవాడు మా పిల్లలకు నీళ్లలో ముఖం ముంచి ఊపిరి పీల్చుకునే గొట్టం (స్నార్కెల్) అలవాటు చేసే పేరుతో వారిని బతికున్న పగడాల మీదే నిలబెట్టాడు. సముద్రం వేడెక్కడం వల్ల 1998, 2010, 2016, 2024 సంవత్సరాల్లో తెల్లబడి దెబ్బతిన్న పగడాలవి. ఆ పగడపు గట్టు లేకపోతే అలలు నేరుగా ఊరి మీద పడతాయన్నది అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలిసిన విషయం. చెబితే వెంటనే దింపాడు, అయితే చెప్పవలసినది మేము కాదు. విచిత్రమేమిటంటే ఒడ్డున మా అమ్మాయి ఏరుకున్న చచ్చిన పగడపు ముక్కను, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదంటూ అక్కగారే స్వయంగా తీసుకుని తిరిగి ఇసుకలో వేయించారు. ఆ శ్రద్ధలో సగం పడవ మీద కూడా ఉండవలసింది.

తిరుగు ప్రయాణం రోజున వాతావరణం బాగాలేక విమానం రాలేదు. అగత్తి బసకు అసలైన పరీక్ష ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ ఇది అరుదైన సంఘటన కాదు, ఆ పరిస్థితిలో అతిథికి మరో దిక్కు ఉండదు. మా గదికి ఆ రోజు వేరే వారు రావలసి ఉంది గానీ వారూ కొచ్చిలోనే చిక్కుకుపోయారు. అక్కగారు మమ్మల్ని అదే గదిలో ఉండమన్నారు, ఆ రాత్రికి అద్దె తీసుకోకుండా భోజనాల ఖర్చు మాత్రమే తీసుకున్నారు. తమ్ముడు రెండుసార్లు విమానాశ్రయానికి బండి మీద వెళ్లి కబురు తెచ్చాడు. కాబట్టి ఇక్కడికి వచ్చేవారు కొచ్చి నుంచి ముందుకు వెళ్లే రైలుకో విమానానికో మధ్య కనీసం ఒక రోజు ఖాళీ ఉంచుకోవాలి. మందులు కూడా రెండు రోజులకు అదనంగా తీసుకువెళ్లాలి. దీవిలో రాజీవ్ గాంధీ స్పెషాలిటీ ఆసుపత్రి ఉన్నప్పటికీ ప్రాణం మీదకు వచ్చిన రోగులను హెలికాప్టర్‌లో తరలించవలసి రావచ్చు, అందువల్ల గుండె జబ్బున్నవారు వైద్యుణ్ణి అడిగి బయలుదేరడం మంచిది.

అద్దె మూడు పూటల భోజనంతో కలిపి మనిషికి రోజుకు 3,500 రూపాయలు పడింది, పిల్లలకు సగం. ఇదే డబ్బుకు దేశంలో మరోచోట ఇంతకన్నా విశాలమైన గది, రోజంతా ఏసీ, ధారాళంగా పడే షవర్ దొరుకుతాయి. ప్రతి బస్తా బియ్యమూ ప్రతి లీటరు డీజిలూ సముద్రం దాటి రావలసిన చోట ఈ ధర నాకు ఎక్కువ అనిపించలేదు. ఐదింటికి మూడున్నర ఇస్తాను. కోసిన ఒకటిన్నరలో ఒకటి బావి పక్క గుంటకు, మిగిలిన అర ముందుగా చెప్పవలసినవి చెప్పకపోయినందుకు. మళ్లీ వెళ్లినా ఇదే ఇంట్లో దిగుతాను, బావికి దూరంగా ఉన్న మొదటి గది ఖాళీ ఉందో లేదో అక్కగారినే అడిగి మరీ.